పైకప్పు చప్పుడు

కరీంనగర్,
17 జూన్ 2025

బాపుకు, అవ్వకు భూమిక శనార్థులు.

నిన్న ఫోన్‌లో నీతో మాట్లాడాలని చాలాసేపు తిప్పలు పడ్డాను. నీకు ఫోన్‌లో వినపడదు కాబట్టి అవ్వే మధ్యవర్తి. నేను పది మాటలు చెబితే నీ దాకా రెండు వస్తాయి, ఆ రెండూ అవ్వ సొంత మాటలే. నేను "ర్యాంకు వచ్చింది" అంటే ఆమె నీకు "బిడ్డ మంచిగనే ఉన్నదట" అని అరిచింది. ఇక్కడ నాకు వినపడింది. అవ్వకు చదవడం రాదు, ఆమె ఫోనుకు మెసేజ్ పంపితే నీకంటే ముందు కాలనీ చదువుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నా, నవ్వకు.

నాకొచ్చిన ర్యాంకుకు ఇక్కడ ఊరి బయట ఒక ప్రైవేటు కాలేజీలో సైబర్ సెక్యూరిటీ బ్రాంచిలో సీటు రావచ్చట. కంప్యూటర్లలోకి, ఫోన్లలోకి దొంగలు దూరకుండా చూసే చదువు అది, నాలుగేళ్లు. పేరు వింటే గొప్పగా ఉంటుంది. కానీ చిన్నమ్మ ఇంటి కింద మడిగెలో ఫోన్లు బాగు చేసే ప్రేమ్‌సాగర్ అన్న చదివింది కూడా అదే. నేను అడిగితే ఏమన్నాడో తెలుసా? "అనుభవం ఉన్నోళ్లే కావాలంటరు చెల్లె. అనుభవం యాడికెల్లి వస్తది? కొలువు ఇస్తెనే గద వచ్చేది!" అని, ఎవరిదో పగిలిన ఫోను అద్దం ఊడదీస్తూ నవ్వాడు.

ఇంకో సంగతి కూడా నా బుర్రలో తిరుగుతోంది. నువ్వు చెవుల మీద మెడికల్ బోర్డుకు పోతే నీ కొలువు నాకు వస్తుందని కాలనీలో అందరూ అనేవాళ్లు. అది నిజమేనా? నిజమైతే నేను చదువుకుంటే నువ్వు రిటైరయ్యేదాకా బొగ్గు బాయి దిగాలి. నేను కొలువుకు వస్తే నువ్వు ఇంట్లో కూర్చోవచ్చు. ఈ చదువు దండుగా కాదా, నువ్వే చెప్పు. నువ్వు ఎట్లా అంటే అట్లా చేస్తాను.

చిన్నమ్మకు బడి బట్టల కుట్టు ఎక్కువైంది. గుండీలు కుట్టి కుట్టి నా వేళ్లు నొస్తున్నాయి.

నీ బిడ్డ,
భూమిక


మందమర్రి,
26 జూన్ 2025

బిడ్డ భూమికకు బాపు దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నా కోసం, ఇంకోసారి మీ అవ్వకు వినిపించడం కోసం. చెవిటివాడు చదివి వినిపించే ఇల్లు మనదొక్కటే కావచ్చు. "అట్ల అరుస్తవేంది, నాకు చెవులున్నయి" అని ఆమె నా మీదకు లేచింది.

నీ చదువేమిటో నాకు అర్థమైందో లేదో చూడు. బాయిలో షిఫ్టు మొదలుకాగానే మేము పైకప్పును గడ్డపారతో కొట్టి చూస్తాం. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోతే డొల్ల చప్పుడు వస్తుంది. అక్కడ ఊతం నిలబెట్టేదాకా ఎవరినీ పోనివ్వం. నీ చదువు కూడా కంప్యూటర్లను కొట్టి చూడటమే అనుకుంటా. అదే అయితే ఒక మాట చెబుతా. ఏదీ కూలని రోజు మేము పని చేశామని ఎవరికీ గుర్తుండదు. ప్రేమ్‌సాగర్‌కు కొలువు దొరకకపోవడానికి అదే కారణం కావచ్చు.

నాకు ఆ చప్పుడు వినపడక చాలా కాలమైంది, నీకు తెలుసు. నా జోడీ కొండల్ కొడతాడు, నేను అరచెయ్యి ఆనించి పెడతాను. విడిపోయిన కప్పు చేతికి వణుకు తెలుస్తుంది. ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేస్తున్నామని మా పైనుండే ఓవర్‌మన్‌కు తెలియదు. హాజరుకు మస్టరు పిలిచేటప్పుడు అతని పెదవులు చూస్తా. ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పు పలకలేదు.

బోర్డు సంగతి నిజమే. బాయి పనికి పనికిరానని బోర్డు రాస్తే నీకు కొలువిస్తారు. ఆడపిల్లలను ఇప్పుడు పైన దీపాలిచ్చే లాంపు రూములో, స్టోర్లో పెడుతున్నారు. అయితే రిటైర్మెంటుకు రెండేళ్లకు మించి సర్వీసు ఉండాలి. నాకు ఆ గడువు ఈ ఏడాది ఆఖరుతో అయిపోతుంది. తర్వాత చెవులేం ఖర్మ, తల ఊడిపోయినా కొలువు రాదు.

కాబట్టి నీకేది ఇష్టమో నువ్వే రాయి. నేను చెబితే అది నా ఇష్టం అవుతుంది, రేపు నన్నే తిడతావు.

మీ అవ్వ మామిడికాయ తొక్కు పంపుతానంటోంది. సీసా పగలకుండా నా పాత తువ్వాల చుట్టి పెట్టింది, తువ్వాల మాత్రం వాపసు పంపు.

మీ బాపు,
మొండయ్య


కరీంనగర్,
8 జూలై 2025

బాపుకు భూమిక శనార్థులు.

తొక్కు అందింది. తువ్వాల నూనెలో మునిగి వచ్చింది, దాన్ని ఇక అడగకు.

చిన్నమ్మ మిషన్ బంద్ పెట్టి మరీ నాతో కాలేజీకి వచ్చింది. ల్యాబు చూపించమంటే తాళంచెవి ఉన్న మనిషి సెలవులో ఉన్నాడన్నారు. కిటికీలోంచి చూస్తే కుర్చీలకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. అక్కడి సారు "ఈ బ్రాంచే ఎందుకమ్మా?" అని అడిగి, నేను చెప్పడం మొదలుపెట్టగానే ఫోన్ చూసుకున్నాడు. చిన్నమ్మకు కోపం వచ్చి "సారూ, పిల్ల చెప్తున్నది, జర వినుండ్రి" అంది. నాకు సిగ్గేసింది, కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఇంకొకటి జరిగింది. కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రి కనెక్షన్ తీసేస్తాం అని చిన్నమ్మ ఫోనుకు మెసేజ్ వచ్చింది, కింద ఒక లింకు. ఆమె పరేషాన్ అయిపోయి నొక్కబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. తర్వాత ప్రేమ్‌సాగర్ అన్న మడిగెలో కూర్చుని ఆ లింకు ఎక్కడికి పోతుందో జాగ్రత్తగా విప్పి చూశాం. అచ్చం కరెంటోళ్ల పేజీలాగే తయారుచేశారు. ఎక్కడ మోసముందో అన్న కంటే ముందు నేనే పట్టుకున్నాను. బాపూ, ఆ రోజు నాకు ఆకలి కాలేదు. ఇంటర్ పాసైనప్పుడు కూడా నాకు అంత సంతోషం కాలేదు.

కానీ ఆ కాలేజీ నాకు నచ్చలేదు. అక్కడ నాలుగేళ్లు కూర్చుంటే ఏమొస్తుందో తెలియడం లేదు. కౌన్సెలింగ్‌లో పేరు మాత్రం పెట్టాను.

ఇష్టం రాయమన్నావు. నా ఇష్టం రాయాలంటే నువ్వు రోజూ బాయి దిగుతున్నావన్న సంగతి మర్చిపోవాలి. అది నాకు చేతకావడం లేదు.

నీ బిడ్డ,
భూమిక


మందమర్రి,
22 జూలై 2025

బిడ్డ భూమికకు,

నీ ఉత్తరం చదివాను. ఆ చదువు నీకు నచ్చలేదని అర్థమైంది. మొన్న ఫోన్‌లో నువ్వు ఏడ్చావని మీ అవ్వ చెప్పింది. ఎందుకని అడిగితే, "ఇంకెందుకు, గా చదువు వద్దని" అంది. దానికి ఏడుపెందుకు బిడ్డా? ప్లాస్టిక్ తీయని కుర్చీల్లో నిన్ను కూర్చోబెట్టి నేను బాగుపడేదేముంది? నిన్ను బలవంతం చేస్తానని అనుకున్నావేమో, అదే నాకు బాధగా ఉంది.

నువ్వు ఫికర్ చేయకు. నేనొక ఏర్పాటు చేస్తున్నాను. అయ్యాక చెబుతా. మీ అవ్వకు కూడా తెలియదు, కాబట్టి ఫోన్‌లో అడగకు.

ఇక్కడ వానలు బాగున్నాయి. బాయిలో ఊట ఎక్కువైంది, ఎక్కడ చూసినా బురద. కొండల్ గాడు పోయిన వారం నా కొత్త అంగీ చింపేశాడు. మెడ దగ్గర పట్టుకుని గుంజితే వీపు దాకా చిరిగింది. "అంగీ పైసలు ఇయ్యి" అంటే "పానం పైసలు నువ్వియ్యి" అని తిరిగి నన్నే తిడుతున్నాడు. చిన్నమ్మకు తీరిక దొరికితే నాకొకటి కుట్టి పంపమను. మెడ దగ్గర గట్టిగా కుట్టమను.

మీ బాపు,
మొండయ్య


కరీంనగర్,
12 ఆగస్టు 2025

బాపుకు,

ఈసారి శనార్థి పెట్టడం లేదు, కోపంగా ఉన్నాను.

కొండల్ కాక నీ అంగీ ఎందుకు గుంజాడో నాకు తెలియదనుకున్నావా? నీకు చెప్పొద్దంటూ అవ్వ ఆ రోజే ఫోన్‌లో చెప్పింది. నువ్వు చెయ్యి ఆనించిన చోట కాదు, పక్కన కప్పు విడిపోయింది. కాక అరిచాడు, నీకు వినపడలేదు. అందుకని గుంజాడు. నేను ఏడ్చింది దానికి. చదువు గురించి నేను అవ్వతో ఒక్క మాట కూడా అనలేదు. నాకు నచ్చనిది ఆ కాలేజీ, చదువు కాదు. ఇంత చిన్న సంగతి మన ఇంట్లో ఇటు నుంచి అటు చేరడం లేదు.

ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం షిఫ్టు అయిపోయే వేళకు అవ్వకు ఫోన్ చేసి "వచ్చిండా?" అని అడుగుతున్నాను. "వచ్చిండు, తింటుండు" అనేదాకా సూది పట్టను.

ముందు విడతల్లో నాకు సీటు రాలేదు. చివరి విడతలో వచ్చింది, సైబర్ సెక్యూరిటీలోనే. చేరతానని ఒప్పుకోవడానికి ఇవాళే ఆఖరు. చిన్నమ్మకు చెప్పలేదు. ఫోను ముందు పెట్టుకుని గుండీలు కుట్టుకుంటూ కూర్చున్నాను. వేలు పెట్టి నొక్కితే అయిపోయేది. గడువు దాటిపోయింది. దాటిన తర్వాత కాసేపు ఏడ్చాను, ఇప్పుడు బాగానే ఉన్నాను.

నా ఇష్టం రాయమన్నావు కదా, ఇదిగో రాస్తున్నాను. నువ్వు వెంటనే బోర్డుకు పో. నేను వచ్చి లాంపు రూములో దీపాలిచ్చుకుంటాను. నాకు ఆ చదువు చాలా ఇష్టం. నువ్వు అంతకంటే ఇష్టం.

అంగీ కుడుతున్నాం. మెడ దగ్గర నేనే రెండు వరసలు వేశాను.

భూమిక


మందమర్రి,
14 ఆగస్టు 2025

బిడ్డ భూమికకు బాపు రాసేది.

ఈ ఉత్తరం అందగానే చెయ్యాల్సిన పని ముందే రాస్తున్నా. నీకు సీటు వస్తే వదలకు. కాలేజీ ఎట్లా ఉన్నా సరే, చేరు. ఇక మనకున్నది అదొక్కటే. ఎందుకో చెబుతాను.

నేను ఏర్పాటు అన్నది బోర్డు గురించే. నిన్ననే పోయి వచ్చాను. కొండల్‌కు మోకాళ్ల మీద బోర్డు పడింది, వాడికి తోడు పోతున్నానని మీ అవ్వకు చెప్పాను. ఇద్దరికీ ఒకటే రోజు వచ్చింది. నా కాగితాల్లో వారసురాలిగా నీ పేరు రాయించాను. నువ్వు ఏడ్చావని విన్నాక నాకు ఇంకో దారి కనపడలేదు.

చెవులు చూసే గదికి అద్దం ఉంటుంది. లోపల నేను, చెవులకు డొప్పలు. అద్దానికి అవతల నీ వయసు పిల్ల, మీట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "చప్పుడు వినపడితే వేలు ఎత్తు పెద్దనాయినా" అంది. ఆమె పెదవులు చూసి తెలుసుకున్నా. మొదలుపెట్టింది. ఆమె మీట తిప్పినప్పుడల్లా భుజం కొంచెం కదులుతోంది. భుజం కదలగానే నా వేలు లేస్తోంది. నేను ఎత్తడం లేదు బిడ్డా, అదే లేస్తోంది. బాయిలో ఇన్నేళ్లు ఎవరి చెయ్యి కదిలినా, ఎవరి పెదవి కదిలినా వినపడినట్టు తల ఊపి బతికినవాణ్ణి. కిందికి దించుదామని ఇంకో చేత్తో పట్టుకున్నా. అది చూసి ఆ పిల్ల చెయ్యి నొస్తోందేమో అనుకుని నవ్వింది.

తర్వాత డాక్టరు ఎదురుగా కూర్చుని ఏ ఊరు, ఏ బాయి, ఎందరు పిల్లలు అని అడిగాడు. అన్నింటికీ టకటకా చెప్పాను. "ఒక్కతే బిడ్డ, సైబర్ చదువుకు ర్యాంకు వచ్చింది" అని అడగనిది కూడా చెప్పాను. ఫిట్ అని రాశాడు.

అప్పుడు తెలివొచ్చింది. "సార్, నాకు వినపడది. మీ పెదవులు చూసి చెప్పిన" అన్నాను. ఆయన కోప్పడలేదు, పాపం. "ఫిట్ అని రాసినంక అందరికీ వినపడది తాతా" అని ఇంకొకరిని పిలిచాడు.

కొండల్ అన్‌ఫిట్ అయ్యాడు. బయటికి వచ్చి నా సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి మొండిగా, గీ ఒక్క దినమన్న చెవిటోనివి కాకపోతివిరా!" అని బస్టాండులో అందరి ముందు ఏడ్చాడు. వాడి కొడుకుకు కొలువు వచ్చిన రోజు వాడు నా కోసం ఏడుస్తుంటే నేనే చాయ్ తాగించాల్సి వచ్చింది.

నాకు నామోషీగా ఉంది. మీ అవ్వకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. నువ్వు మాత్రం సీటు వదలకు.

మీ బాపు,
మొండయ్య


కరీంనగర్,
22 ఆగస్టు 2025

బాపూ,

నీ ఉత్తరం వచ్చింది. అప్పటికి నాది నీకు అందే ఉంటుంది. నా చేతిలో ఏమీ లేదని తెలిసే ఉంటుంది.

అయినా చిన్నమ్మను తీసుకుని కాలేజీకి పోయాను. గడువు దాటిన సీటు మా చేతిలో ఉండదమ్మా అన్నారు. చిన్నమ్మ గట్టిగా మాట్లాడింది, తర్వాత బతిమాలింది. ఆ రోజు ల్యాబు తలుపు తీసే ఉంది. పిల్లలు కవర్లు చింపుతున్నారు. నేను చూడకుండా వచ్చేశాను.

నిన్ను తిట్టాలని కాగితం తీసుకున్నా. నన్ను అడగకుండా ఎందుకు పోయావు? అడిగి ఉంటే బోర్డు ఏమంటుందో తెలిసేదాకా నేను సీటు వదిలేదాన్ని కాదు. కానీ నేను నిన్ను అడిగానా? నేనూ చెప్పకుండానే కూర్చున్నాను. ఎవరిని తిట్టాలో తెలియడం లేదు.

ప్రేమ్‌సాగర్ అన్న మడిగెలో సాయంత్రాలు కూర్చుంటున్నాను. ముసలివాళ్లు ఫోన్లు తెస్తారు. ఎవరో పంపిన దొంగ యాప్‌లు తీసేసి, ఇట్లాంటివి నొక్కొద్దని చెప్పి పంపిస్తాను. తల ఊపుతారు. మళ్లీ వారానికి అదే ఫోను, అదే యాప్. వచ్చే ఏడాది మళ్లీ పరీక్ష రాయమని అన్న అంటున్నాడు. "ఏం లాభం అన్నా?" అంటే బాగు చేయాల్సిన ఇంకో ఫోను నా ముందు పెట్టాడు.

నాకు ఒక్కటి చెప్పు. కొండల్ కాక ఇంట్లో కూర్చున్నాడు కదా. ఇప్పుడు నీకు కప్పు ఎవరు కొడుతున్నారు? లీవు పెట్టు బాపూ, ఒక నెలైనా పెట్టు. నీ కాళ్లు మొక్కుతా.

భూమిక


మందమర్రి,
7 సెప్టెంబరు 2025

బిడ్డ భూమికకు బాపు దీవెనలు.

అంగీ అందింది. మెడ దగ్గర ఎంత గట్టిగా కుట్టావంటే తల దూరడానికి మీ అవ్వ సాయం పట్టాల్సి వచ్చింది. దీన్ని కొండల్ కూడా చింపలేడు.

లీవు ఇన్నాళ్లూ మందులకు, చావులకు, పెళ్లిళ్లకు వాడేసుకున్నా. లేదు. కాబట్టి దిగుతున్నాను.

కప్పు ఎవరు కొడుతున్నారని అడిగావు. కొండల్ కొడుకు అరుణ్‌ను నా జోడీగా వేశారు. వాడు ఇంజినీరింగు చదివాడు, నీకు తెలుసు కదా, కంప్యూటర్లే. హైదరాబాద్‌లో కొలువు కోసం తిరిగి తిరిగి ఇప్పుడు గడ్డపార పట్టుకున్నాడు. మంచి పిల్లవాడు, బుద్ధిగా కొడతాడు. "ఎట్లుందిరా చప్పుడు?" అని అడుగుతా. "మంచిగనే ఉన్నది కాకా" అంటాడు. ఎక్కడ కొట్టినా మంచిగానే ఉందంటాడు. వాడికి వినపడుతుంది, తెలియదు. నాకు తెలుసు, వినపడదు. నేను అరచెయ్యి పెడతాను. కానీ ఈ మధ్య చెయ్యి కూడా వణుకుతోంది. అది కప్పు వణుకో నా వణుకో తెలియడం లేదు. భయమేస్తోంది బిడ్డా. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరితోనూ అనలేదు.

మీ అవ్వకు అన్నీ చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

నువ్వు మొదటి ఉత్తరంలో ఆ చదువు దండుగా కాదా అని అడిగావు. నాకు ఇప్పటికీ తెలియదు. అరుణ్‌ను చూస్తే దండుగే అనిపిస్తుంది. నీకు ఆ రోజు ఆకలి కాలేదన్న మాట గుర్తొస్తే కాదనిపిస్తుంది. అప్పుడు ఆ మాట నేను సరిగ్గా చదవలేదు. చదివి ఉంటే బోర్డుకు పోకపోదును.

పై బోర్డుకు అర్జీ పెట్టమని కొండల్ పోరితే పెట్టాను. పిలుస్తారో లేదో తెలియదు. ఏడాది ఆఖరులోపు పిలవకపోతే పిలిచినా లాభం లేదు. ఒకవేళ పిలిస్తే మళ్లీ అదే తప్పు చేయవద్దని కొండల్ రోజూ సాయంత్రం వచ్చి నాకు ప్రాక్టీసు చేయిస్తున్నాడు. మీ అవ్వ కిటికీ అవతల నిలబడుతుంది. నేను ఇవతల పీట మీద కూర్చుంటా. ఆమె ఊరికే భుజం కదుపుతుంది, నేను కదలకుండా ఉండాలి. కొండల్ నా పక్కన కూర్చుని నా చెయ్యి కనిపెడతాడు. వినపడనివాడు వినపడనట్టు కూర్చోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. కళ్లు మూసుకోమంటాడు. అక్కడ కళ్లు మూసుకుంటే నాటకమంటారు కదా?

నిన్న కూడా కూర్చున్నాం. మీ అవ్వ చాలాసేపు కదలకుండా నిలబడింది. నేనూ కదలలేదు. కొండల్ సంబరపడుతున్నాడు. అంతలో ఆమె ముఖం మీద ఈగ వాలితే కొట్టుకుంది.

వేలు లేచింది, బిడ్డా.

మీ బాపు,
మొండయ్య